ఫోనులో నిగనిగలాడే లోగో ఫ్లెక్సీ మీద ఎందుకు పాడవుతుంది?

మద్దిలపాలెంలో కర్రీ పాయింట్ పెడుతున్నామని మీరు రాశారు. మీ మేనకోడలు ఫోనులో గీసిన లోగో తీసుకెళ్తే ఫ్లెక్సీ షాపువాళ్లు ‘రిజల్యూషన్ చాలదు, వెక్టర్ ఫైలు తెండి, రంగులు సీఎంవైకేలో ఉండాలి’ అని తిప్పి పంపారట. విశాఖలోనే ఒక ప్రింటింగ్ షాపులో చాలా ఏళ్లుగా డిజైన్ పని చేస్తున్నాను. వాళ్లు అడిగినవి న్యాయమైనవే. విడమరిచి చెప్పే తీరిక మాత్రం కౌంటరు దగ్గర ఎవరికీ ఉండదు.

తెర మీద కనిపించే బొమ్మంతా రంగు గళ్ల వరుసలే. ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. వాట్సాప్‌లో వచ్చిన మీ లోగో 1080 గళ్ల వెడల్పు, 1080 గళ్ల ఎత్తు ఉందనుకుందాం. దానిలో ఉన్న సరుకు అంతే. విజిటింగ్ కార్డు మీద రెండు అంగుళాల లోగోకు అది పుష్కలంగా సరిపోతుంది. అదే బొమ్మను బోర్డు మీద నాలుగు అడుగులకు సాగదీస్తే, 48 అంగుళాలకు 1080 గళ్లు పంచాలి. అంగుళానికి 23 గళ్లు కూడా పడవు. షాపువాళ్లు రిజల్యూషన్ చాలదన్నది దీన్నే. హైవే మీద బస్సులో వెళ్లేవారికి తేడా తెలియకపోవచ్చు. మీ కొట్టు ముందు నిలబడి పప్పుచారు కట్టించుకునేవారికి మాత్రం అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి.

అందరూ బోల్తా పడేది డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క దగ్గర. ఎవరో ‘300 డీపీఐ ఉండాలి’ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో 72 అన్నచోట 300 కొట్టి, ఇప్పుడు సరిపోయిందని ఫైలు పంపుతారు. ఆ అంకె ఫైలు మీద అతికించిన చీటీ లాంటిది. గళ్లు పెరగనప్పుడు దాన్ని మార్చి లాభం లేదు. అంగుళానికి ఎన్ని గళ్లు పడతాయన్నది అచ్చు కొలతను బట్టి తేలే లెక్క. చేతిలో పట్టుకుని చదివే కాగితానికి 300 కావాలి. ఆ లెక్కన ఏ4 కాగితం నిండాలంటే 2480 వెడల్పు, 3508 ఎత్తు గళ్లుండాలి. దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్సీకి 72 ఉన్నా దర్జాగా నడుస్తుంది. అందుకే ఇకపై ఎవరైనా డీపీఐ అంటే, ఎన్ని పిక్సెళ్లు కావాలి, ఎన్ని అడుగుల మీద వేస్తారు అని తిరిగి అడగండి.

లోగో విషయంలో ఈ గొడవే లేకుండా చేసేది వెక్టర్. సంక్రాంతికి వారపత్రికల్లో ముగ్గు కింద ‘15 చుక్కలు, 8 వరకు సందు చుక్క’ అని వేస్తారు కదా. ఆ ఒక్క ముక్క తెలిస్తే గుమ్మం ముందు జానెడు ముగ్గైనా, వీధి నిండా ముగ్గైనా వేయవచ్చు. వెక్టర్ ఫైలులో ఉండేది అలాంటి సూచనే: గీత ఇక్కడ మొదలై, ఇలా వంపు తిరిగి, అక్కడ ముగుస్తుంది అని. ఎంత పెంచినా కంప్యూటర్ కొత్తగా గీసుకుంటుంది కాబట్టి అంచు చెదరదు. పేరు చివర ఏఐ (.ai), సీడీఆర్ (.cdr), ఎస్‌వీజీ (.svg) అనే తోకలున్న ఫైళ్లు సాధారణంగా ఇవే. ఫొటోకు ఇది కుదరదు. చేపల పులుసు ఫొటో పిక్సెళ్లలోనే ఉండాలి. జేపీజీ బొమ్మను తెచ్చి పీడీఎఫ్‌గా మార్చినంత మాత్రాన వెక్టర్ అయిపోదని కూడా చెప్పాలి. ఈ పని చేసి తెచ్చేవారు వారానికొకరైనా వస్తారు.

ఇక రంగులు. తెర వెలుగు చిమ్ముతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను ఒక్కొక్కటి 256 స్థాయుల్లో కలిపి 1,67,77,216 రంగులు చూపగలదు. అదే ఆర్‌జీబీ. సిరా వెలుగు ఇవ్వదు, పడిన వెలుగులో కొంత మింగేస్తుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో నడిచే సీఎంవైకేకు తెర మీది మిరుమిట్లు కొన్ని అందవు. రుషికొండ దగ్గర తీసిన సముద్రం ఫొటోలు మాకు హోటళ్ల నుంచి తరచూ వస్తాయి. ఫోనులో మెరిసే ఆ నీలం అచ్చులో ఒక మెట్టు దిగి తీరుతుంది. తెర మీది గాఢ నీలమైతే ఊదా వైపు జారుతుంది. మెషీన్‌ను తిట్టి ప్రయోజనం లేదు. కూరల వ్యాపారానికి ఎరుపు, పసుపు ఎంచుకుంటే మీకు ఈ బెంగ చాలావరకు తప్పుతుంది.

ఫైలు రకాల గురించి ఎక్కువ చెప్పను. జేపీజీ బొమ్మను 8×8 గళ్ల ముక్కలుగా కోసి, కంటికి ఆనని వివరాన్ని పారేసి బరువు తగ్గిస్తుంది. ఫొటోకు హాయిగా సరిపోతుంది కానీ, లోగో అక్షరాల చుట్టూ దుమ్ము రేపినట్టు మరకలు మిగులుస్తుంది. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. పీఎన్‌జీలో ఏదీ పోదు, వెనుక భాగం పారదర్శకంగా కూడా ఉంచుకోవచ్చు. ఎర్ర బోర్డు మీద తెల్ల డబ్బాలో ఇరుక్కున్న లోగో కనిపిస్తే అది జేపీజీ చలవే. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, పిక్సెళ్లు తగ్గవు.

తెలుగు బోర్డుకు ఇంకో జాగ్రత్త కావాలి. మన డీటీపీ షాపుల్లో చాలామంది ఇప్పటికీ ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లే వాడతారు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పేరు స్థానంలో పిచ్చి గుర్తులు వస్తాయి. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే యూనికోడ్‌లో కొట్టినా, భారతీయ లిపుల అమరిక తెలియని సాఫ్ట్‌వేర్‌లో వత్తులు ఊడిపోతాయి. సగం కొట్ల పేర్లు ‘శ్రీ’తోనే మొదలవుతాయి కదా, అది ‘శ్’, ‘రీ’ అని రెండు ముక్కలై కూర్చుంటుంది. అందుకని పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాక అక్షరాలను కర్వ్స్‌గా మార్చమనండి. అప్పుడవి ఫాంటుతో పని లేని గీతలైపోతాయి, ఏ షాపులో తెరిచినా చెదరవు. మార్చాక అక్షరదోషం దిద్దడం కుదరదు కాబట్టి మార్చని ఫైలు ఒకటి మీ దగ్గర దాచుకోండి.

మీ మేనకోడలు వాడిన యాప్‌లో ఎస్‌వీజీగా ఇచ్చే వీలుందేమో ముందు చూడమనండి. లేకపోతే ఆ లోగోను కింద పెట్టుకుని వెక్టర్‌లో మళ్లీ గీయించండి. కాస్త చెయ్యి తిరిగిన డిజైనర్‌కు పెద్ద పనేమీ కాదు. బోర్డంతా వేసే ముందు అదే ఫ్లెక్సీ మీద ఒక అడుగు ముక్క నమూనా వేయించి, కొట్టు ముందుకు తెచ్చి ఎండలో రంగు చూసుకోండి.