మందులు వాడినా హెచ్.పైలోరీ మళ్లీ వచ్చిందా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఎండోస్కోపీలో కడుపులో పుండు, హెచ్.పైలోరీ (కడుపులో పుండ్లకు కారణమయ్యే బ్యాక్టీరియా) ఉన్నాయని తేలితే రెండు వారాలు మందులు వేశాం. మూడు నెలలకే నొప్పి మళ్లీ మొదలైంది. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చింది. అవే మందులు మళ్లీ వాడాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ రక్తపరీక్షను బట్టి మందులు మొదలుపెట్టకండమ్మా. ఆ పరీక్ష చూసేది యాంటీబాడీలను, అంటే బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలను. బ్యాక్టీరియా చచ్చిపోయాక కూడా అవి నెలల తరబడి రక్తంలో ఉంటాయి. మలంలో యాంటిజెన్ (బ్యాక్టీరియా ఆనవాలు) పరీక్ష గానీ, యూరియా శ్వాస పరీక్ష గానీ చేయించండి. యాంటీబయాటిక్స్ ఆపి కనీసం 4 వారాలు, ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్ర ఆపి 2 వారాలు దాటాలి. లేకపోతే, బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు.

అందులోనూ పాజిటివ్ వస్తే, ఇంత త్వరగా వచ్చింది కాబట్టి, కొత్తగా సోకిందనడం కంటే పాతదే పూర్తిగా పోలేదనుకోవడం సబబు. డోసులు తప్పాయేమో గుర్తు చేసుకోండి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ నోట్లో లోహపు చేదు పుట్టిస్తుంది, పిల్లలు ఉమ్మేస్తుంటారు. గ్యాస్ మాత్ర తిండికి అరగంట ముందు పడాలి. డోసులన్నీ సరిగ్గా పడినా తగ్గలేదంటే, మందుకు లొంగని రకం కావచ్చు. మొదటిసారి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడి ఉంటే మళ్లీ అదే వద్దు. పాత చీటీ తీసుకుని పిల్లల గ్యాస్ట్రో నిపుణుడిని కలవండి. బరువును బట్టి వేరే మందుల కలయిక, 14 రోజులకు రాస్తారు.

నెగటివ్ వస్తే మలబద్ధకం ఉందేమో చూడండి, ఈ వయసులో నొప్పికి అది చాలా మామూలు కారణం. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు.