గుడిసెవాసుల సభకు వెళ్లే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి మీ అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఇక్కడికి వచ్చి, అబహ్లాలీ బాసెమ్జోండోలో అనే గుడిసెవాసుల సంఘంతో ఏడాదిపాటు పనిచేస్తావని అన్నయ్య చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. జూన్, జూలైలలో ఇక్కడ చలికాలం కనుక స్వెటరు తెచ్చుకో. ఇక్కడివాళ్ల జులూ భాష కొంతైనా నేర్చుకో.

జనాన్ని అడగకుండా వాళ్ల తరఫున నిర్ణయించేసే పొరపాటు గురించి మాత్రం వివరంగా చెప్పాలి. 2005 మార్చిలో ఈ ఊళ్లోని కెనెడీ రోడ్డు గుడిసెవాసులు రహదారిని దిగ్బంధించారు. ఇళ్లకు ఇస్తామన్న స్థలాన్ని ఇటుకల ఫ్యాక్టరీ కోసం చదును చేస్తుండగా చూస్తే గాని సంగతి తెలియలేదు వాళ్లకు. పోలీసులు 14 మందిని అరెస్టు చేశారు. స్థలం పోయిన బాధ కంటే, తమను ఒక్క మాటైనా అడగలేదన్న అవమానమే వాళ్లను ఎక్కువగా రగిలించిందని నా అభిప్రాయం. ఆ ఏడాది అక్టోబరులో పుట్టిన ఈ సంఘం, మా గురించి నిర్ణయించే ముందు మాతో మాట్లాడండి అని అప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. ఆదుకోవడానికి వచ్చిన చదువుకున్నవాళ్లు కొందరు మళ్లీ అదే తప్పు చేశారు: వాళ్లతో మాట్లాడకుండా వాళ్ల తరఫున తామే మాట్లాడబోయారు. నువ్వూ చిన్నప్పటి నుంచి ఎదుటివాళ్ల వాక్యాన్ని నువ్వే పూర్తి చేసేదానివి, అందుకే ఇంతగా చెబుతున్నాను. సభలో ఒక పెద్దావిడ కుళాయి దగ్గరి తగువు మొదటి నుంచీ చెబుతుంటే గడియారం చూడకు. 2007 నాటి మురికివాడల చట్టం ఇంకా బిల్లుగా ఉన్నప్పుడే సంఘంవాళ్లు కలిసి కూర్చుని వరుస వరుసా చదివారు. ఇళ్లు ఖాళీ చేయించమని స్థల యజమానులను బలవంతపెట్టే దాని 16వ సెక్షనును రాజ్యాంగ న్యాయస్థానం 2009 అక్టోబరులో కొట్టివేసింది. లాయర్లు వాదించారు, నిజమే. కానీ కోర్టుకెక్కాలన్న నిర్ణయం సభల్లో జరిగింది.

ఇక మనవాళ్ల సంగతి. కెనెడీ రోడ్డు ఉన్న క్లేర్ ఎస్టేట్ వర్ణవివక్ష కాలంలో భారతీయులకు కేటాయించిన పేట. 1860 నుంచి ఒప్పంద కూలీలుగా చెరకు తోటలకు వచ్చినవాళ్ల వారసులు, వాళ్లలో తెలుగువాళ్లు కూడా, ఈ నగరంలో ఎందరో ఉన్నారు. నిన్ను భోజనానికి పిలిచిన ఇంట్లోనే గుడిసెలవాళ్ల మీద చులకన మాట వినిపించవచ్చు. నవ్వి ఊరుకోకు, అలాగని కంచం ముందు నుంచి లేచిపోకు.

ఎవరి ముఖాన్నీ అనుమతి లేకుండా ఫోటో తీయవద్దు; ఎవరు ఏ గుడిసెలో పడుకుంటారో ఎక్కడా రాయవద్దు. 2014 సెప్టెంబరులో ఈ సంఘం నాయకురాలు తులి న్డ్లోవును ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ కేసులో శిక్ష పడినవాళ్లలో ఇద్దరు కౌన్సిలర్లు కూడా ఉన్నారు. 2022లో ఎఖెనానా అనే గుడిసెల వాడలో ఇదే సంఘం నాయకులను ముగ్గురిని చంపారు. నీ సరదా ఫోటో ఇంకొకరి ఇంటికి దారి చూపకూడదు తల్లీ. సభ ఆలస్యమైతే ఒంటరిగా బయలుదేరకు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మీ మామయ్యకు కారు ఇచ్చి పంపిస్తాను.