మిషనరీ కుటుంబంలో జీవితం ఎలా ఉంటుంది? విదేశీ చర్చితో పార్టనర్‌షిప్‌ని నమ్మొచ్చా?

సిస్టర్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఆయన ఉద్యోగం మానేసి పూర్తికాలపు సేవకు వెళ్తానంటున్నారు. పిల్లలిద్దరూ ఇంకా చిన్నవాళ్లు. అమెరికా చర్చి ఒకటి మీ సంఘానికి పార్టనర్ అవుతోంది కాబట్టి భయం లేదని మీ పాస్టర్ గారు ధైర్యం చెప్పారు. నమ్మొచ్చా అని అడిగారు. దానికి తర్వాత వస్తాను. ముందు నేనొకటి అడుగుతాను, మీ ఇంటికి నీళ్లు ఎలా వస్తాయి?

వెటకారం అనుకోకండి. 2003లో చెన్నైలో ఉన్నవాళ్లెవరైనా ముందు అదే అడుగుతారు.

నేను మిషనరీ బిడ్డని. నాన్నగారిది నెల్లూరు జిల్లా. ఒరిస్సా కొండల్లో తొమ్మిదేళ్లు సేవ చేశారు. అన్నయ్యా నేనూ హాస్టల్లో పెరిగాం. నాకు ఆరేళ్లప్పుడు ట్రంకుపెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు రాయించి అక్కడ దింపి వెళ్లారు. పూర్వం దొరల పిల్లల కోసం 1901లో కొడైకెనాల్‌లో స్కూలు పెట్టారు. అమ్మానాన్నలు కింద ఊళ్లలో, పిల్లలు కొండ మీద. దొరల పద్ధతులు ఎన్నో వద్దనుకున్న మన మిషన్లు ఈ ఒక్కటి మాత్రం భద్రంగా దాచుకున్నాయి. మా హాస్టలుకైతే కొండ కూడా లేదు, ఉత్త ఎండ.

ఏడవడం మొదటి ఏడాదితో అయిపోయింది. అసలు కష్టం సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు. అక్కడి పిల్లలు వాళ్ల భాషలో మా అమ్మతో గలగలా మాట్లాడుతుంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా అమ్మ దగ్గర నాకంటే వాళ్లకే చనువు. నేను చుట్టపుచూపుగా వచ్చినదానిలా గడప మీద కూర్చునేదాన్ని. ఎవరేం చెప్పినా సరే, మీ పిల్లల్ని మీ దగ్గరే ఉంచుకోండి. "మిషనరీ పిల్లలు దేవుడి చేతుల్లో ఉంటారు" అని ప్రసంగం చేసే పెద్దల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఒకసారి కనుక్కోండి.

నాన్నగారికి మలేరియా మాటిమాటికీ తిరగబెట్టడంతో 2001లో చెన్నై వచ్చేశాం. పెరంబూరులో రైల్వే వర్క్‌షాపుల చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది. అక్కడొక చిన్న తెలుగు సంఘానికి ఆయన పాస్టరయ్యారు. అందరికీ ఆయన అయ్యగారు, మా అమ్మ అమ్మగారు. తమిళంలో సేవని ఊళియం అంటారు. అమ్మ గిన్నెలు తోముతూ అనేది, "అయ్యగారిది ఊళియం, నాది ఊడిగం."

ఆ సంఘానికి అమెరికాలో చిన్న ఊరి చర్చి ఒకటి పార్టనర్. 2003 డిసెంబరులో అక్కణ్నుంచి తొమ్మిదిమంది పదిరోజులకని వచ్చారు. హోటలైతే ఖర్చు, పైగా మన మధ్యే ఉండాలని వాళ్ల కోరిక. మేడ మీద గదిలో మగవాళ్లు, కింద మా ఇంట్లో ఆడవాళ్లు. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. చెరువులు అడుగంటాయి. చేతిపంపు కొడితే గాలి. తెల్లవారుజామున నాలుగింటికి మెట్రో వాటర్ లారీ వస్తే, వీధంతా రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు. ఇంటికిన్ని బిందెలని లెక్క.

మనకి చలికాలం, వాళ్లకి ఉక్క. పాపం రోజుకి రెండు స్నానాలు. బాత్రూంలో డ్రమ్ము నిండుగా కనిపిస్తుంటే అది ఎలా నిండిందో వాళ్లకేం తెలుస్తుంది? కాస్త చెప్పండి అని అమ్మ అడిగితే, "అతిథులకి నీళ్లు లెక్కపెట్టి పోస్తామా?" అన్నారు నాన్న. మోసేది ఆయన కాదుగా.

నాలుగో రోజు లారీ హారన్‌కి లేచి అమ్మా నేనూ బిందెలు తీస్తున్నాం. ఆ టీములో ఒక పెద్దావిడ ఉండేది. డెబ్బై దగ్గరపడ్డ రిటైర్డ్ టీచరు. నైటీ మీద శాలువా కప్పుకుని వచ్చి, ఏమీ అడక్కుండా రెండు బిందెలు చంకన పెట్టుకుంది. మా వీధి క్యూలో తెల్లావిడ! ఆడవాళ్లు ముందు కిసుక్కున నవ్వారు, ఆ తర్వాత "పాట్టీ, పాట్టీ" (తమిళంలో అమ్మమ్మ) అంటూ ఆవిణ్ని ముందుకి తోసేశారు. సగం నీళ్లు ఒంటిమీదే ఒలకబోసుకుంది గానీ, ఆ రోజు మాకు రెండు బిందెలు ఎక్కువే వచ్చాయి. మేడెక్కి వాళ్లవాళ్లతో ఏం చెప్పిందో తెలీదు. ఆ పూట నుంచి మనిషికి ఒక్క బకెట్, అదీ పొద్దున మాత్రమే.

చివరి రాత్రి వీడ్కోలు కూడిక. శాలువాలు, చందనపు దండలు, ఫోటోలు. పెద్దావిడ లేచి, పాస్టర్ గారి భార్య కూడా మాట్లాడాలి అంది. అమ్మ ఎన్నడూ స్టేజి ఎక్కి ఎరగదు. కొంగు నెత్తిమీదికి సర్దుకుని మైకు ముందు నిలబడి తెలుగులో ఇంతే అంది: "మీరంతా వచ్చినందుకు సంతోషం. తొందరగా ముగించండి, నాలుగింటికి నీళ్లకి లేవాలి."

నాన్నగారు దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. మూడు నిమిషాలు పట్టింది. మీ ప్రేమ మా జీవితాల్లో జీవజలపు నదిలా ప్రవహించింది, మీ ప్రార్థనలే నా భర్త సేవకి బలం, ఇంకా ఏవేవో. నాకు హాస్టల్ ఇంగ్లీషు వచ్చు. నవ్వాగక మొహం పాటల పుస్తకంలో దాచుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, పెద్దావిడ తప్ప. అమ్మ మాట ఎంత పొట్టిగా ఉందో, నాన్న మాట ఎంత పొడుగుందో కొలిచినట్టు చూసి, నావైపు కనుబొమ్మలెగరేసింది. కూడిక అయ్యాక అడిగితే నిజం చెప్పేశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వింది. మర్నాడు విమానానికి బయల్దేరాల్సి ఉన్నా నాలుగింటికి బిందె పట్టుకుని వచ్చింది.

ఇంతా అయ్యాక ఆ చర్చి నుంచి రిపోర్టు ఫారం వచ్చింది. కూడికలెన్ని, బాప్తిస్మాలెన్ని, సేవకుడి పేరు. దాని పక్కన 'మరియు కుటుంబం'. పదిరోజులు తొమ్మిదిమందికి మూడుపూటలా వండి, నీళ్లు మోసిన మనిషి ఆ ఫారంలో 'మరియు కుటుంబం'. నా కడుపుమంట అక్కడే మొదలైంది.

మా నాయనమ్మ తాత 1878లో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజున బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో ఒకడట. (ఒంగోలు వైపు ఎవర్ని కదిపినా వాళ్ల తాత ఆ 2,222లోనే ఉంటాడు. అందర్నీ కలిపితే లక్ష దాటుతుంది.) ఆ అంకె అందరికీ నోటికొచ్చు. అంతకుముందు కరువులో, ఆ బాప్తిస్మాలిప్పించిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడని, కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడని చెప్పేవాళ్లు తక్కువ. ఆ ఏడాది ఇలాంటి ఫారం వచ్చుంటే బాప్తిస్మాల గడిలో సున్నా వేసి పంపేవాడు. ఆ కాలువే ఇప్పుడు చెన్నైలో మా బేసిన్ బ్రిడ్జి దగ్గర నల్లగా మురిగి పారుతోంది, అది వేరే ఏడుపు.

మా అత్తగారిది తిరునెల్వేలి వైపు. బిషప్ అజరయ్య మావాడని ఆవిడ, దోర్నకల్ మాదని నేను, పెళ్లయినప్పటి నుంచి ఇదే పేచీ. తమిళాయన తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో మన మధ్య కాపురం పెట్టి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల మొహం మీదే అడిగాడు, ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితుల్నివ్వండి అని. పార్టనర్‌షిప్ సభ ఎక్కడ జరిగినా ఆ మాట వినిపిస్తుంది. ఆయన భార్య అన్బు పేరు ఎన్ని సభల్లో విన్నారు?

సరే, డబ్బు సంగతి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మీ సంఘం విదేశీ విరాళం తీసుకోకూడదు. ఉన్నా కూడా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చుల కింద అంతకుముందు 50 శాతం దాకా వాడుకునేవాళ్లు, ఇప్పుడు 20. ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి పంచడం కుదరదు. కాబట్టి "ఫలానా పెద్ద మినిస్ట్రీ ద్వారా మీకు నెలనెలా అందుతుంది" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. వచ్చేవాళ్లు కూడా టూరిస్టు వీసా మీద వచ్చి ప్రసంగాలు చేయకూడదు, మిషనరీ వీసా వేరే ఉంది. ఇవన్నీ మీ ఆయన్ని కాదు, పాస్టర్ గారిని కాగితాలు చూపించమని అడగండి. అడిగితే విశ్వాసం లేదంటారు, అననివ్వండి.

పార్టనర్‌షిప్‌ని నమ్ముకుని ఉద్యోగం మాత్రం మానెయ్యొద్దు. దేవుణ్ని నమ్మి మానేస్తే అది వేరే లెక్క, అది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది.

మా పార్టనర్‌షిప్ ఆరేళ్లకే అయిపోయింది. అక్కడ పాస్టర్ మారాడు, కొత్తాయనకి ఆఫ్రికాలో సేవ చేయాలన్న భారం కలిగిందట. ఒక్క ఈమెయిల్, అంతే. పెద్దావిడ ఉత్తరాలు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం వచ్చాయి, సంఘం పేరున కాదు, అమ్మ పేరున. నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఉన్నదున్నట్టు, మా నాన్నలా కాకుండా. మనవల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి రాసేది. చివర్లో ప్రతిసారీ ఒకటే అడిగేది, లారీ వస్తోందా అని.