పండగ ఆదివారం, సెలవు సోమవారం

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక కోచింగ్ సెంటర్‌కు క్యాలెండర్ యాప్ చేస్తున్నాం. వాళ్లకు ఖమ్మం, విజయవాడ, బెంగళూరుల్లో బ్రాంచీలున్నాయి. నెట్‌లో దొరికిన సెలవుల జాబితా ఎక్కించి, పేర్లను ట్రాన్స్‌లేట్ బటన్‌తో తెలుగు చేశాం. జూన్ 2న విజయవాడ పిల్లలకూ సెలవు చూపించింది, సగం మంది క్లాసుకు రాలేదు. ఉగాది నాడు ఒకే గడిలో ఉగాది, యుగాది, గుడి పడ్వా అని మూడు పడ్డాయి. అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకైతే పండగలన్నీ ఒకరోజు ముందే వస్తున్నాయి. భాషను బట్టి రాష్ట్రం మారేలా పెడితే సరిపోతుందని మావాడొకడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీవాడి మాట మాత్రం వినకండి. భాషకూ ఊరికీ ముడి వేశారంటే కొత్త తలనొప్పి తెచ్చుకున్నట్టే. బెంగళూరులో ఫోన్ తెలుగులో పెట్టుకున్న అమ్మాయికి పండగ పేరు తెలుగులో కావాలి, సెలవు మాత్రం కర్ణాటకది కావాలి. హైదరాబాద్‌లో చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. అంతమాత్రాన వాళ్లకు బోనాలు లేకుండా పోతాయా? ఏ భాషలో చదువుతారు, ఏ బ్రాంచికి వెళతారు అని రెండూ విడివిడిగా అడగండి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మీరు పండగనూ సెలవునూ ఒకటే అనుకుంటున్నారు. క్యాలెండర్ యాప్‌లను టెస్ట్ చేసే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే అనుకున్నాను. బోనాలే తీసుకోండి. 2025లో గోల్కొండలో జూన్ 26న మొదలయ్యాయి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాలు జూలై 13న, లాల్‌దర్వాజవి 20న, రెండూ ఆదివారాలే. తెలంగాణ ప్రభుత్వం సెలవిచ్చింది మాత్రం 21న, సోమవారం. 'బోనాలు' అని ఒక్క తేదీ పట్టే గడి ఉంటే అందులో ఏది వేస్తారు?

అందుకని రెండు పట్టికలు పెట్టుకోండి. మొదటిది పండగలది. ప్రతి పండగకూ ఒక నంబరు, దాని కింద భాషకొక పేరు. రెండోది సెలవులది. ఏ తేదీ, ఏ రాష్ట్రం, ఎవరికి అన్నవి ఇందులో ఉంటాయి, పక్కన పండగ నంబరు. ఉగాది, యుగాది, గుడి పడ్వా ఒకే నంబరు కిందికి వస్తే గడిలో ఒక్క పేరే కనిపిస్తుంది. అలాగని తేదీ కలిసింది కదా అని దేన్ని పడితే దాన్ని కలిపేయకండి. నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం, కర్ణాటక రాజ్యోత్సవం కూడా. తేదీ ఒకటే, నంబర్లు రెండు. బెంగళూరు బ్రాంచికి ఆ రోజు సెలవు. విజయవాడ సంగతి ఆ ఏటి ప్రభుత్వ ఉత్తర్వు చూసి వేసుకోండి. ఉత్తర్వులో సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవులు విడిగా ఉంటాయి. అవి కలిసిపోతే మళ్లీ సగం మంది రారు. 'ఎవరికి' అన్న గడి కూడా ఖాళీగా వదలొద్దు. రెండో, నాలుగో శనివారాలు 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు సెలవు. కోచింగ్ సెంటర్ల సంగతి నాకు తెలుసు, ఆ రోజే టెస్టు పెడతారు!

రాష్ట్రానికి మీరిచ్చే గుర్తు టీఎస్ అనో టీజీ అనో పెట్టుకోకండి. 2024 మార్చిలో బండి నంబర్లే టీఎస్ నుంచి టీజీకి మారాయి. మామూలు అంకె వేసుకుంటే ఆ గొడవే ఉండదు.

ఇక అమెరికా తల్లిదండ్రులు. ఇందులో నా పరువు పోయిన కథ ఒకటుంది. 2024 ఉగాది ఏప్రిల్ 9న. మా యాప్‌లో దాన్ని 'ఏప్రిల్ 9, రాత్రి 12 గంటలు, భారత కాలమానం' అని దాచారు. పరీక్షించి బాగుందని సంతకం పెట్టింది నేనే. ఆ క్షణానికి డాలస్‌లో ఏప్రిల్ 8, మధ్యాహ్నం ఒకటిన్నర. మా తమ్ముడు గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని పెరట్లో నిలబడ్డాడు. ఇంకో పది నిమిషాల్లో అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం. అప్పుడు ఫోన్ మోగి 'ఉగాది శుభాకాంక్షలు' అంది. సూర్యగ్రహణమంటే అమావాస్య కదా! "అక్కా, మీ యాప్‌కు కూడా గ్రహణం పట్టింది" అని మెసేజ్ పెట్టాడు.

పూర్తిరోజు పండగకు గంటలు రాయకూడదు, తేదీ ఒక్కటే రాయాలి. ఒక క్యాలెండర్ నుంచి ఇంకోదానికి తేదీలు పంపే ఐసీఎస్ ఫైలు ఇస్తుంటే, అందులో మొదలయ్యే తేదీ రాసే డీటీస్టార్ట్ దగ్గర విలువ రకం డేట్ అని పెట్టి, 20240409 అని ఎనిమిది అంకెలే ఇవ్వండి. అప్పుడది ఏ దేశంలోనైనా తొమ్మిదో తేదీనే. అయితే తిథి పండగల్లో ఇంకో మెలిక ఉంది. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే, సూర్యోదయం మాత్రం ఊరికొకటి. అందుకే కొన్ని పండగలు అమెరికా పంచాంగంలో నిజంగానే వేరే తేదీన పడతాయి. మీ యాప్ పని సెలవులు చెప్పడం కాబట్టి బ్రాంచి ఉన్న ఊరి తేదీ చాలు.

రంజాన్, బక్రీద్‌ల పక్కన 'నెలవంకను బట్టి మారవచ్చు' అని రాసి, చివరి నిమిషంలో తేదీ మార్చే వీలు ఉంచండి. 2025లో రంజాన్ పండగ సౌదీలో మార్చి 30న, మన దగ్గర 31న జరిగింది.

ట్రాన్స్‌లేట్ బటన్ సంగతి. గుడ్‌ఫ్రైడేను అది 'మంచి శుక్రవారం' చేసిందేమో చూసుకోండి. మన క్యాలెండర్లలో గుడ్‌ఫ్రైడే అనే ఉంటుంది. పేర్లు ఏడాదికి ముప్పయ్యో నలభయ్యో, చేత్తో టైపు చేయండి. గడిలో పట్టకపోతే కోసే చోట కూడా జాగ్రత్త. మా వాళ్లు ఏడు అక్షరాల దగ్గర కోయమని రాస్తే వరలక్ష్మీ వ్రతం 'వరలక్ష్' అయింది. మనకు 'క్ష్మీ' ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు ముక్కలు. క, పొల్లు, ష, పొల్లు వరకు లెక్కపెట్టి అక్కడ కోసేసింది, 'మీ' గాల్లో పోయింది. ఆ ఏడాది వ్రతం నాడు మా అత్తగారు ఫోన్ నా ముందు పెట్టి "ఇదేం లక్ష్మే?" అన్నారు.

ప్రశ్న: నా గూగుల్ క్యాలెండర్ నిండా పండగలే. ఆఫీసు మీటింగులు కనబడటం లేదు. తగ్గించే దారుందా?

జవాబు: ఉంది. కంప్యూటర్‌లో క్యాలెండర్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ఎడమవైపు 'హాలిడేస్ ఇన్ ఇండియా' మీద నొక్కితే, పబ్లిక్ హాలిడేస్ మాత్రమే కావాలా, మిగతావి కూడా కావాలా అని అడుగుతుంది. మొదటిది ఎంచుకోండి. అట్లతద్దిలాంటివి కావాలంటే మీరే రాసుకోవాలి మరి.