పరగడుపున 118, హెచ్‌బిఎ1సి 6.8: ఏది నమ్మాలి?

మీ అమ్మగారికి పరగడుపు చక్కెర 118, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బిఎ1సి 6.8 వచ్చాయని, మాత్రలు మొదలుపెట్టాలా అని అడిగారు. పరగడుపున 126, హెచ్‌బిఎ1సి 6.5 నుంచి మధుమేహంగా లెక్కిస్తారు కాబట్టి రెండు రిపోర్టులూ రెండు మాటలు చెబుతున్నాయి. అయితే హిమోగ్లోబిన్ 8.9 అని మీరే రాశారు, అంటే రక్తహీనత ఉంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బిఎ1సి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. అందుచేత తొందరపడి దుకాణంలో మాత్రలు కొనకుండా ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్లు, మధుమేహ నిపుణులను) కలిసి, ఇనుము నిల్వల పరీక్షతోపాటు, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చేసే రక్తపరీక్ష అవసరమా అని అడగండి. ఆ పరీక్షకు ముందు మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదు. పంచదార లేని కాఫీ ఫరవాలేదనుకుని మా ఇంట్లో ఒకసారి పరీక్ష పాడుచేసుకున్నాం. టైప్ 2 మధుమేహం అని తేలితే మాత్రం కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్) పరీక్షలను వాయిదా వేయకండి.