చిన్నాన్నకి స్కిజోఫ్రెనియా ఉంది, పరిశోధన కోసం ఇంటిల్లిపాదీ రక్తం అడుగుతున్నారు, ఇవ్వచ్చా?

ఇవ్వండి. మేమిచ్చాం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా చిన్నాన్నకీ ఇదే జబ్బు. గోడవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని రాత్రంతా చెవొగ్గి కూర్చునేవాడు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించి నాలుగేళ్లు పాడుచేశాం. ఆ తర్వాతే బరంపురం తీసుకెళ్లాం.

పరిశోధన వాళ్లు సూది కంటే ముందు పెన్సిలు తీసి, మా వంశవృక్షం గీశారు. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా, జబ్బున్నవాళ్లకి లోపల నలుపు. మూడు తరాలకీ చిన్నాన్న చదరం ఒక్కటే నల్లగా ఉంది. గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తున్న నాయనమ్మ తలెత్తకుండానే "మా పెద్దన్నయ్యని నలుపు చెయ్యలేదేం?" అంది. ఆయన సన్యాసుల్లో కలిశాడనే మాకు చెప్పారు. కాదట. చెల్లెళ్ల పెళ్లిళ్లు ఆగిపోతాయని వెనక గదిలో పెట్టి పదేళ్లు గొళ్లెం వేశారట.

అన్నేళ్లూ ఊరు నాయనమ్మనే అంది, గారం చేసి కొడుకుని చెడగొట్టిందని. 1966లో అమెరికాలో హెస్టన్ అనే డాక్టరు, ఈ జబ్బున్న తల్లులకి పుట్టి, పురిట్లోనే వేరై వేరేచోట పెరిగిన 47 మందిని పరిశీలించాడు. ఐదుగురికి జబ్బొచ్చింది. తల్లికి జబ్బు లేకుండా అలాగే వేరేచోట పెరిగిన 50 మందిలో ఒక్కరికీ రాలేదు. పెంపకాన్ని తిట్టేవాళ్లకి ఈ లెక్క చూపించాలి.

అలాగని పెళ్లి సంబంధాలు వదులుకునేంత భయం వద్దు. అన్నకో అక్కకో ఉంటే మనకొచ్చే అవకాశం వందకి పది లోపే. ఒకే పోలిక కవలల్లో కూడా ఒకరికొస్తే రెండోవారికి వచ్చి తీరాలని లేదు. అంతా జన్యువుల పనే అయితే అలా ఉండదు. ఆ జన్యువైనా ఒక్కటి కాదు. 2022 నాటి పెద్ద పరిశోధనలో జన్యువుల్లో 287 చోట్ల సంబంధం కనబడింది. బాగున్న నా రక్తమెందుకని మా అత్త అలిగింది. చిన్నాన్నలో ఉండి మనలో లేనిదేంటో తెలియాలంటే ఇద్దరిదీ కావాలి కదా!

నాకు మండిందల్లా సమ్మతి పత్రం దగ్గరే. ఒడియా, ఇంగ్లీషు, అంతే. ఇంత తెలుగు జనం ఉన్న ఊళ్లో తెలుగు కాగితం లేదు. గంటసేపు నేనే చదివి చెప్పాను. మీరు తెలుగులో అడిగి తీసుకోండి. రిపోర్టు చేతికిస్తారా అని కూడా ముందే అడగండి, మాకివ్వలేదు. చిన్నాన్న మాత్రలు మాత్రం ఆపకండి.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ పిలిచింది. "ఆ గడి పక్కన అన్నయ్య పేరు రాశారా?"

"పేర్లు రాయరు నాయనమ్మా, నంబర్లే."

"రాయించు" అంది.