కుర్సుర లోపలికి వైడ్ లెన్స్ వద్దు

వైజాగ్ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సుర సబ్‌మెరైన్‌ని అందరూ తీసే టూరిస్ట్ ఫోటోల్లా కాకుండా కాస్త ఆర్టిస్టిక్‌గా తీయాలంటే 16 ఎంఎం వైడ్ లెన్స్ (ఎక్కువ మేర ఫ్రేమ్‌లో పట్టేది) కొనాలా అని అడిగారు. నాది వైజాగే, కాలేజీ రోజుల నుంచీ దాన్ని తీస్తూనే ఉన్నాను. కొనొద్దు. ఆల్రెడీ ఉంటే ఇంట్లో పెట్టేసి రండి.

లోపల ఇరుకు కాబట్టి వైడ్ అయితేనే అంతా ఫ్రేమ్‌లో పడుతుందని చాలామంది అనుకుంటారు. పడుతుంది, కాదనను. కానీ తీరా ఫోటో చూస్తే అదేదో ఫంక్షన్ హాల్లా ఉంటుంది. 91 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు అంటే వినడానికి పెద్దదే గానీ, అందులో మూడు డీజిల్ ఇంజన్లు, మూడు మోటార్లు, వరసల కొద్దీ బ్యాటరీలు, 22 టార్పెడోలు, ఇంధనం, ఇవన్నీ పోగా మిగిలిన సందుల్లో డెబ్భై మందికి పైగా మనుషులు తిని, పడుకుని, డ్యూటీ చేశారు. ఆ ఇరుకు ఫోటోలో కనపడకపోతే ఇంక తీసి ఏం లాభం? అంతకన్నా తక్కువ మేర పట్టే 35 ఎంఎం లెన్స్ గానీ 50 గానీ పెట్టండి. గొట్టాలు, వాల్వ్ చక్రాలు ఫ్రేమ్ అంచుల్లో సగానికి తెగిపోతాయి, తెగిపోనివ్వండి.

లోపల మొత్తం ఏడు కంపార్ట్‌మెంట్లు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. ముందున్న టార్పెడో గదిలో టార్పెడోలు వదిలే ఆరు ట్యూబుల తలుపులు రెండు నిలువు వరసల్లో ఉంటాయి, అందరూ అక్కడ సెల్ఫీ దిగి ముందుకి కదులుతారు. మీరు మాత్రం ఆ కంతల దగ్గర ఆగండి. ఒక గదిలో నిలబడి కంతలోంచి పక్క గదిని తీస్తే ఫ్రేమ్ దానంతటదే దొరుకుతుంది. కంత అంచు మీద పెయింట్ చూడండి, పొర మీద పొర వేసి బోల్టుల మూలలన్నీ గుండ్రంగా అయిపోయాయి, పైన జనం చెయ్యి పట్టుకునే చోట మాత్రం అరిగి మెరుస్తుంటుంది. దానికి బాగా దగ్గరగా వెళ్ళి, వెనకాల గది బ్లర్ అయ్యేలా తీయండి.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఫోటో మిషన్లది కాదు, గైడ్‌ది. అక్కడ గైడ్లుగా ఉండేది నేవీలో రిటైరైనవాళ్ళు. మనలాంటివాళ్ళం ఆ కంతలోకి దూరాలంటే ముందు తల పెట్టాలా కాలు పెట్టాలా అని తెలియక ఎక్కడో ఒకచోట గుద్దుకుంటాం. ఆ రోజు గైడుగా ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతూనే, కంత వంక చూడకుండా, కాలు లోపల పెట్టి నడుం వంచి అవతలికి వెళ్ళిపోయారు. ఆయన వెనకాలే బొప్పి కట్టిన నుదురు రుద్దుకుంటూ ఒక కుర్రాడు. వీలైతే అలాంటిది పట్టుకోండి. ముందు "సార్, మీ ఫోటో తీసుకోవచ్చా" అని అడిగితే చాలు, కథలు కూడా చెప్తారు.

ఇక లైటు. రకరకాల దీపాలు కలిసి ఉంటాయి కాబట్టి ఒకే ఫోటోలో ఒక పక్క పసుపుగా, ఇంకో పక్క నీలంగా వస్తుంది. రంగులు తర్వాత సరిచేసుకునేలా రా (RAW) ఫార్మాట్‌లో తీసుకోండి, లేదా నేను చేసినట్టు బ్లాక్ అండ్ వైట్‌కి వెళ్ళిపోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ స్పీడ్ 1/50 సెకను గానీ 1/100 గానీ ఉంచితే దీపాల మినుకులకి చారలు పడవు. చీకట్లో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 3200, 6400 దాకా పోయి ఫోటో గరుకుగా వచ్చినా టెన్షన్ పడొద్దు, ఇనుము ఫోటోకి ఆ గరుకు బాగానే ఉంటుంది. ఫ్లాష్ మాత్రం వేశారంటే ఎనామిల్ పెయింట్ మీద తెల్లటి మచ్చలు తప్ప ఏమీ మిగలదు.

బయట నుంచైతే సూర్యుడు సముద్రం వైపు లేస్తాడు కాబట్టి పొద్దున్నే రోడ్డు వైపు నిలబడితే సబ్‌మెరైన్ మొత్తం వివరాలు లేని నల్లటి ఆకారంగా, సిల్హౌట్‌గా వస్తుంది. ఇసుక వైపు నుంచి తీస్తే వెనకాల హోటళ్ళు, బోర్డులు అడ్డం, దానికి మందు లేదు. నాకైతే సాయంత్రం లైట్లు వెలిగాక, ఆకాశంలో ఇంకా నీలం ఉండగానే ట్రైపాడ్ మీద పది సెకన్ల ఎక్స్‌పోజర్ ఇష్టం. ముంత మసాలా బళ్ళ వెలుగు, కదిలే జనం పొగలా, వెనక సబ్‌మెరైన్ ఒక్కటే కదలకుండా. ఉప్పు గాలికి ఫిల్టర్ మీద పల్చటి పొర కడుతుంది, గుడ్డతో తుడుస్తూ ఉండండి. గణతంత్ర దినం లాంటప్పుడు సబ్‌మెరైన్‌ని రంగు రంగుల జెండాలతో అలంకరిస్తారు, రిటైరైన సబ్‌మెరైన్‌కి అరుదైన గౌరవం అది. ఆ ఒక్క రోజు కలర్‌లో తీయండి.

ఇంకోటి, ఫోటో కింద "గాజీని ముంచిన సబ్‌మెరైన్" అని దయచేసి రాయకండి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తారు, కింద నేవీ వాళ్ళు వచ్చి క్లాసు పీకుతారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ 1971 డిసెంబరులో మునిగింది వైజాగ్ దగ్గరే, కానీ ఆ యుద్ధంలో కుర్సుర తిరిగింది అరేబియా సముద్రంలో. ఇది సోవియట్ తయారీ, 1969 డిసెంబరులో రీగాలో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. క్యాప్షన్‌కి ఈ మాత్రం చాలు.

సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం జనం తోసుకుంటారు, వారం మధ్యలో తెరవగానే వెళ్ళండి. కెమెరా టికెట్, ట్రైపాడ్ రూల్స్ కౌంటర్‌లోనే అడగండి, మారుతుంటాయి. డ్రోన్ ఆలోచన ఉంటే మానేయండి, దగ్గర్లోనే నేవీ ఏరియాలున్నాయి.